రెండు నిమిషాల దారి

నిర్మల్‌లో ఇల్లు కొందామన్నది నేనే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలికవుతుంది.

అప్పటికి మేము హైదరాబాదులో, బోరబండలో, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి లాస్యకు ఆరేళ్ళు. దాని మంచం వంటింట్లో, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య. ఎవరైనా ఫ్రిజ్ తలుపు తెరవాలంటే అది కాళ్ళు ముడుచుకోవాలి. నా భార్య స్వరూప ఊరికి ఆ చివరన ఒక పెద్దాసుపత్రిలో పిల్లలకు కృత్రిమ కాళ్ళు తయారుచేసి తొడుగుతుంది. ఆ పనిలో చేయి తిరిగినవాళ్ళు రాష్ట్రం మొత్తం మీద పదిమంది ఉంటారేమో. పోనూ రానూ మూడు గంటలు బస్సులో నిలబడేది. పిల్లల్ని నడిపించి ఇంటికి చేరేసరికి తన కాళ్ళు వాచిపోయి ఉండేవి.

నేను నిర్మల్‌లో, రెప్పబండి ప్రయోగశాలలో, గడియారాలు సరిచూసే ఉద్యోగిని. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, శని ఆదివారాలు ఇంటికొచ్చేవాణ్ణి. లాస్య నన్ను చుట్టంలా చూసేది.

రెప్పబండి అన్నది జనం పెట్టిన పేరు. సంస్థవాళ్ళు పెట్టిన పేరుకు ఎవరికీ నోరు తిరగదు. స్తంభాల మీద ఒంటి పట్టా, దానిమీద కిటికీలు లేని బూడిదరంగు పెట్టె, లోపల నలభై సీట్లు. తలుపు మూసుకోగానే చెవుల్లో తుమ్మెద తిరిగినట్టు సన్నటి రొద వస్తుంది. రెప్పలు వాటంతటవే మూతపడతాయి. తెరిచేసరికి హైదరాబాదు. రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, ప్లాట్‌ఫారం మీది గడియారంలో రెండు నిమిషాలు.

మొదటిరోజు నేనూ ఎక్కాను. నా పక్కన కూర్చున్న ఒక ముసలామె హైదరాబాదులో దిగి, "ఇది పట్నమేనా బిడ్డా" అని ముగ్గురిని అడిగింది. ముగ్గురూ అవునన్నాక చెప్పులు విడిచి ఆ సిమెంటు నేలకు దండం పెట్టింది. నవ్వబోయి ఆగిపోయాను. చదువుకున్నవాణ్ణి గనక పెట్టలేదు గానీ, నాకూ లోపల అలాగే ఉంది.

మా ప్రయోగశాలకు పెద్ద, డాక్టర్ శాంభవి గారు. రాజమండ్రి మనిషి. ఈ బండి ఎలా పోతుందని ఎవరడిగినా తన చీర కుచ్చిళ్ళు పట్టి చూపించేవారు. "ఇలా కుచ్చిళ్ళు పోసినట్టు దారిని మడిచామండీ. ఇక్కడ ఎక్కితే అక్కడ దిగడమే." అంత సులువుగా చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం? బండి లోపలి గడియారాన్ని ప్లాట్‌ఫారం గడియారంతో పోల్చి చూడటం నా వంతు. చాలా ఖరీదైన గడియారం అది. బండి ఆగీ ఆగగానే స్టేషన్ సంకేతాన్ని అందుకునేది. ఎన్నడూ ఒక్క సెకను తేడా రాలేదు. రోజూ కింద సంతకం పెట్టేవాణ్ణి.

కరెంటు బిల్లు వెనకవైపు నిలువుగా గీత గీసి, ఒకపక్క బోరబండ అద్దె, మరోపక్క నిర్మల్ ఇంటి వాయిదా, రెప్పబండి నెల పాసు రాశాను. నిర్మల్ వైపే చాలా తక్కువ తేలింది. ఆ ఇల్లు పట్టా పక్కనే ఉంది కాబట్టి ఇంకా చవక. మూడు గదులు, పెరడు, మేడ మీదికి మెట్లు.

స్వరూప ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "బాగనే ఉంది. ఇంత బాగుంటేనే నాకు భయమైతది."

"ఏమన్నా మర్చిపోయానా?"

"అదే దెలుస్తలేదు" అంది. అయినా సంతకం పెట్టింది.

నిర్మల్‌లో మా నాలుగేళ్ళూ ఎంత బాగా గడిచాయో చెబితే దిష్టి తగులుతుందని అప్పట్లో ఎవరితోనూ అనేవాణ్ణి కాదు. నేను ఏడున్నరకే ప్రయోగశాలకు వెళ్ళిపోయేవాణ్ణి. స్వరూప ఎనిమిదీ పదికి బండి ఎక్కి, ఎనిమిదీ పన్నెండుకు హైదరాబాదులో ఆసుపత్రి దగ్గరే దిగేది. లాస్య ఎనిమిదిన్నరకు స్కూలు బస్సు ఎక్కేది. సాయంత్రం ఆరింటికల్లా ముగ్గురం పెరట్లో కూర్చుని టీ తాగేవాళ్ళం.

ఇంకో వింత. పనిరోజుల్లో స్వరూపకు ఇంట్లో నిద్ర అవసరం లేకుండా పోయింది. బోరబండలో అన్నం కంచం ముందే కునికిపాట్లు పడిన మనిషి, ఇక్కడ ఎప్పుడు చూసినా తేటగా ఉండేది. లాస్యతో కూర్చుని కొయ్యబొమ్మలకు రంగులు వేయడం నేర్చుకుంది. బీరపాదులు పెట్టింది. పిల్లకు జ్వరమొస్తే తెల్లవార్లూ మేలుకునే ఉండి, పొద్దున్నే నవ్వుతూ పనికి పోయేది. "నిర్మల్ గాలి" అనేవాణ్ణి నేను, ఆ గాలిని నేనే కొనిపెట్టినట్టు.

గుర్తులు లేకపోలేదు. బండి దిగిన నలభైమందీ ముందు మూత్రశాలలకు, తర్వాత టిఫిన్ బళ్ళకు పరుగెత్తేవాళ్ళు. ఇంట్లో తిని రెండు నిమిషాలైనా కాలేదు, మళ్ళీ నాలుగేసి ఇడ్లీలు. చేతితో తాళం తిప్పే వాచీలున్న పెద్దమనుషులు కొందరు ఫిర్యాదులు రాశారు, బండెక్కినప్పుడల్లా వాచీ నాలుగ్గంటలు ముందుకు పోతోందని. అటువంటి ఉత్తరాలు పదకొండు వచ్చాయి. "అయస్కాంత ప్రభావం. వాచీ తీసి ఇంట్లో పెట్టి రాగలరు" అని పదకొండింటికీ జవాబు రాసింది నేనే.

ప్రతి ఆషాఢంలోనూ తల్లీకూతుళ్ళు గోరింటాకు నూరి పెట్టుకుంటారు. గోళ్ళ మీద పండిన ఎరుపు ఎవరికి ఎక్కువ రోజులు ఉంటే వాళ్ళు గెలిచినట్టు. కింది నుంచి తెల్లగోరు పెరుగుతూ ఎరుపును పైకి తోసేస్తుంది కదా, అదీ ఆట. నాలుగో ఏడు లాస్య బలవంతం మీద నా చిటికెన వేలికి కూడా పెట్టించుకుని ఆఫీసులో నవ్వులపాలయ్యాను.

బతుకమ్మ పండగ రోజుల్లో ఒక మధ్యాహ్నం, గునుగుపూలు కట్టలు కడుతూ లాస్య తల్లి చేతులు లాక్కుని చూసింది. తర్వాత మూతి ముడుచుకుంది.

"అమ్మా, నువ్వు కావాలని ఓడిపోతున్నవ్ గదా?"

"నేనెందుకు ఓడిపోత?"

"బోరబండల ఉన్నప్పుడు ఎప్పుడూ నువ్వే గెలిచేదానివి. చిన్నపిల్లల గోళ్ళు జల్ది పెరుగుతయని నువ్వే జెప్పినవ్. ఈడికొచ్చినంక నాలుగేండ్ల సంది నేనే గెలుస్తున్న. గిట్ల గెలిపిస్తే నాకొద్దు."

స్వరూప ఒట్టు పెట్టినా అది నమ్మలేదు. తగువు నా దగ్గరికొచ్చింది. కొలతల మనిషిని కదా, సంచిలోంచి మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ తీశాను. గోరు మొదలు నుంచి ఎరుపు అంచు దాకా ముగ్గురివీ కొలిచాను. పెద్దవాళ్ళ గోళ్ళు ఇంచుమించు ఒకేలా పెరుగుతాయి. నాది తొమ్మిది మిల్లీమీటర్లు పెరిగితే స్వరూపది పదకొండు దాటింది. వేలు మార్చి కొలిచాను. మళ్ళీ అంతే.

ఉబుసుపోక లెక్క కట్టాను. నా వారానికి నూట అరవై ఎనిమిది గంటలైతే, ఆ గోటి ప్రకారం తన వారానికి రెండువందల ఎనిమిది గంటలు. నలభై ఎక్కువ. వారానికి అయిదు రోజులు, రానూ పోనూ పది ప్రయాణాలు. ప్రయాణానికి నాలుగు గంటలు.

నాలుగు గంటలు అన్న మాట పదకొండు ఉత్తరాల్లో చదివినవాణ్ణి. వెర్నియర్ మూసి సంచిలో పెట్టేశాను.

"ఎవరు గెలిచిన్రు?" అని అడిగింది లాస్య.

"నువ్వే" అన్నాను.

మర్నాడు ప్రయోగశాలలో శాంభవి గారికి చెబితే ఆవిడ కసురుకోలేదు. కాసేపు తన కుచ్చిళ్ళ వంక చూసుకున్నారు. "సంకేతం తగిలితే సర్దుకునే వస్తువేదీ వద్దండీ. దానంతటది నడిచేది ఏదైనా కావాలి" అన్నారు. అప్పుడు తట్టింది నాకు. మా ఖరీదైన గడియారం ఇన్నేళ్ళూ చేసింది అదే. బండి ఆగగానే సంకేతం అందుకుని, తన టైము చెరిపేసుకుని, స్టేషన్ టైము పెట్టుకునేది. అందరి ఫోన్లూ అంతే. నేను రోజూ ప్లాట్‌ఫారం గడియారాన్ని ప్లాట్‌ఫారం గడియారంతోనే పోల్చి సంతకం పెట్టాను.

క్యాంటీన్ నుంచి పాలు తెప్పించాం. కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి, రెండు స్టీలు గిన్నెల్లో పోశాం. ఒకటి శాంభవి గారి బల్ల మీద ఉంచి, రెండోదాన్ని నేను ఒళ్ళో పెట్టుకుని బండి ఎక్కాను. రెప్ప పడింది, లేచింది. దిగి, హైదరాబాదు ప్లాట్‌ఫారం మీద నిలబడే మూత తీశాను.

గిన్నె వంచాను. కదల్లేదు. చెంచాతో కోస్తే గడ్డ గడ్డగా విడింది. కమ్మటి పెరుగు, పైన మీగడ కూడా కట్టింది. నిర్మల్‌కు ఫోన్ చేస్తే, "నా గిన్నెలో పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయండీ" అన్నారావిడ. రెండు నిమిషాల్లో తోడుకున్న ఆ పెరుగును చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. భయంతోనే అనుకోకండి. సృష్టిలో ఎవరూ తెరవని తలుపు ఒకటి తెరిచి, లోపలికి చూడకుండా నాలుగేళ్ళు దాని మీద టిక్కెట్లు అమ్మాం.

"దారిని మనం మడవలేదు" అన్నారు శాంభవి గారు ఫోన్లోనే. "అది ఉన్నంత పొడుగూ అలాగే ఉంది. బండి గంటకు యాభై కిలోమీటర్లే పోతోంది, మామూలు బస్సులా. లోపల కాలం నూట ఇరవై రెట్లు నడుస్తోంది. జనం ఆ నాలుగు గంటలూ నిద్రపోతున్నారు."

ఆ సాయంత్రం స్వరూపకు పెరట్లో చెప్పాను. మొదట నవ్వింది. "అందుకేనా ఆ ఇడ్లీలు" అంది. తర్వాత వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకుంది. నాలుగేళ్ళలో తన ఒంటి మీద పది నెలలు ఎక్కువ నడిచాయి. నేను క్షమాపణలాంటిదేదో మొదలుపెట్టాను. అడ్డుకుంది.

"ఆగు. నేను పోగొట్టుకున్నదేంది? పడుకునేదేదో బండిల పడుకున్న, ఇంట్ల మేలుకున్న. లాస్యకు జ్వరమొచ్చినప్పుడు నేను కునుకు తియ్యకుండ కూసున్న. ఏ తల్లికి దొరుకుతది అట్ల? బోరబండల బస్సు పట్టుకోని నిలబడ్డ మూడు గంటలు ఏ లెక్కల రాసినవ్ నువ్వు?"

కరెంటు బిల్లు వెనక నేను గీసిన గీతకు ఏ పక్కనా అవి లేవు.

"కాకపోతే" అంది గొంతు తగ్గించి. "రిటైరయ్యేదాక గిట్లనే తిరిగితే అయిదారేండ్లు ముందుకు పోత. రోజుకు ఎక్కువ దొరికిన, ఏండ్లకు తక్కువ దొరుకుత లాస్యకు. ఏది మంచిగుంటదో నువ్వే జెప్పు."

సంస్థవాళ్ళు నిజం బయటపెట్టక తప్పలేదు. స్టేషన్లో సభ పెట్టి, టిక్కెట్టు మీద ఇకనుంచి ఒంటి గంటలు, అంటే బండిలో ఒంటికి గడిచే గంటలు, కూడా వేస్తామన్నారు. కొందరు తిట్టారు. చాలామంది మర్నాడు మళ్ళీ ఎక్కారు. మా వీధి పోస్టాఫీసు గుమాస్తా, "ఇల్లు అమ్ముకోని ఎటు పోవాలె సార్, నిద్రనే గదా" అన్నాడు. అతన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు.

నిద్ర ఎందుకొస్తోందో కనిపెట్టడానికి శాంభవి గారికి వారం పట్టింది. ఆ సన్నటి రొదే కారణం. చెవుల్లో మైనం పెట్టుకుంటే మెలకువగా ఉండొచ్చు. మెలకువగా వెళ్ళి చూడాలని ఆవిడ తీర్మానించారు. నేనూ వస్తానన్నాను. స్వరూప కూడా వస్తానంది. "నా పది నెలలు యాడ బోయినయో నేను జూడొద్దా?" అని అడిగితే ఆవిడ కాదనలేకపోయారు.

ఒక పెట్టెకు పక్కన అద్దం బిగించారు. ఎప్పటిలాగే ఎనిమిదీ పదికి, ముగ్గురమే ఎక్కాం. తలుపు మూసుకుంది. మైనంలోంచి రొద లీలగా వినపడింది. రెప్పలు పడలేదు.

బయట ఎండ ఒక్కసారిగా రాగిరంగు మసకలోకి దిగిపోయింది. సూర్యుడు కాలి ఆరుతున్న నిప్పులా ఉన్నాడు. కళ్ళు అలవాటు పడ్డాక స్టేషన్ కనపడింది. టీ బండివాడు ఒక గ్లాసును పైకెత్తి మరో గ్లాసులోకి టీ పోస్తున్నాడు. ఆ టీ ధార గాల్లో వేలాడుతోంది. కింద గ్లాసును ఇంకా తాకలేదు. గుంపుగా లేచిన పావురాలు రెక్కలు విప్పి నిలబడిపోయాయి. తేరిపార చూస్తే ఒక్కో రెక్కా తెలిసీ తెలియనట్టు కిందికి వాలుతోంది. ఎవరో బకెట్టుతో విసిరిన నీళ్ళు గొడుగులా విచ్చుకుని ఆగాయి. శాంభవి గారు అద్దానికి అరచేయి ఆనించి, చిన్నపిల్లలా నోరు తెరిచి చూస్తున్నారు. ఈ లోకం ఇంత అందంగా ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. రోజూ దీని మధ్యలోంచి నలభైమందిని నిద్రపుచ్చి తీసుకుపోయాం.

బండి మా వీధి వైపు తిరిగింది. మా బీరపాదు, మా నీళ్ళ ట్యాంకు కనపడ్డాయి. మేడ మీద ఎవరో నిలబడి ఉన్నారు.

"లాస్య" అంది స్వరూప.

మైనం వల్ల నాకు వినపడలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను. యూనిఫాం వేసుకుని, ఒక జడ అల్లుకుని, రెండోది విడిగా వదిలేసి, పట్టాకేసి చూస్తూ చేయి పైకెత్తి ఉంది మా పిల్ల. దానికి మేము కనపడం. లోపలి కాలం నడుస్తున్నంతసేపూ బయటివాళ్ళకు బండి గీతలా కూడా కనిపించదు, ఆగినా సరే.

స్వరూప వెళ్ళి ఆపే మీట లాగింది. బండి ఆగింది.

ఆ చేయి కదులుతోంది. కుడి నుంచి ఎడమకు రావడానికి రెండు నిమిషాలు పట్టింది. మళ్ళీ కుడికి పోవడానికి మరో రెండు. అది రెప్ప వాల్చి తెరవడానికి అర నిమిషం పైనే అయింది. విడిచిన జడ వెంట్రుకలు గాలికి ఒక్కొక్కటిగా లేచి, ఒక్కొక్కటిగా పడ్డాయి. పెదవులు ఏదో అంటున్నాయి, ఏమిటో అందలేదు. ఇరవై నిమిషాలు చూశాం. మేడ మీద అది పది సెకన్లు. బిడ్డను అంత తీరిగ్గా నేను ఏనాడూ చూసి ఎరగను. ఏడుస్తున్నానని నా చొక్కా తడిశాక గాని తెలియలేదు.

"రోజూ వస్తదా ఇది?" అని సైగ చేసింది స్వరూప. నాకు తెలియదన్నాను. నేను ఏడున్నరకే ఇల్లు వదిలేవాణ్ణి.

బండి మళ్ళీ కదిలింది. సోన్ వంతెన మీద గోదావరి వచ్చింది. నదంతా అలల మడతలతో సహా నిలబడి, జిగురులా మెల్లగా సాగుతోంది. ఎగిరిన చేప ఒకటి నీటి మీద వంగి మెరుస్తోంది. శాంభవి గారు నా భుజం పట్టి ఊపి చూపించారు. స్వరూప మాత్రం వెనక్కి తిరిగి, నిర్మల్ వైపే చూస్తూ నిలబడింది. మిగిలిన మూడు గంటల చిల్లరా కూర్చోలేదు.

ఆ సాయంత్రం లాస్యను దగ్గరికి పిలిచి అడిగింది, "పొద్దుగాల మేడ మీదికెందుకు పోతవే?"

లాస్య సిగ్గుపడింది. "నీకు టాటా జెప్పనీకి."

"నేను కనబడ గదా."

"కనబడకుంటేంది? ఎనిమిదీ పదికి మొదలువెడత. నూట ఇరవై లెక్కవెట్టేదాక చెయ్యి ఊపుత. అప్పటికి నువ్వు దిగుతవ్ గదా. అయిపోంగనే కిందికొచ్చి జడేసుకుంట."

"రోజూనా?"

"బండెక్కిన రోజులన్నీ."

స్వరూప లేచి వంటింట్లోకి పోయింది. వెనకాలే వెళ్ళాను. గట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను నాలుగు గంటలు పడుకున్న. నా బండి లెక్కల అది ఆ నాలుగు గంటలూ చెయ్యి ఊపుతనే ఉన్నది" అంది. "ఇల్లు అమ్మెయ్యి. నేనింక ఎక్క."

నష్టానికే అమ్మాం, రెప్పబండి ఊళ్ళ ఇళ్ళ ధరలు అప్పటికే పడిపోయాయి. బోరబండలోనే మరో రెండు గదులు దొరికాయి. లాస్య పొడుగైంది కాబట్టి ఫ్రిజ్ ముందుగదిలోకి వచ్చింది. స్వరూప మళ్ళీ బస్సులో నిలబడుతోంది, మళ్ళీ కంచం ముందు కునుకుతోంది. "అమ్మ ఎప్పుడూ నిద్రనే" అని లాస్య గొణుగుతుంటుంది, నిర్మల్ అమ్మే బాగుందని ఒకసారి అనేసింది కూడా. ఆరోజు స్వరూప అన్నం తినలేదు. అంతా సుఖంగా ఉందని చెబితే అబద్ధం అవుతుంది.

నేను పాత పద్ధతిలోనే శనివారాలు ఇంటికి వస్తాను, మామూలు బస్సులో. నాలుగు గంటలు. దారంతా మెలకువగానే ఉంటాను. సోన్ వంతెన వచ్చినప్పుడు లేచి కిటికీ దగ్గరికి పోతాను.

మొన్న బతుకమ్మకు ముందు వచ్చేసరికి లాస్య అలిగి గుమ్మంలో కూర్చుని ఉంది. ఏమైందంటే తన పది వేళ్ళూ నా ముఖం ముందు చాపింది. గోళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. కొసల్లో కూడా ఎరుపు లేదు.

"అమ్మకు ఇంకా ఉంది" అంది ఏడుపు గొంతుతో. "నాది అయిపోయింది. నేను ఓడిపోయిన."

లోపల స్వరూప కూర తరుగుతోంది. కత్తి పక్కన పెట్టి, చేయి కడుక్కుని, చిటికెన వేలు కిటికీ వెలుతురులోకి ఎత్తి చూపించింది. గోటి చివర సన్నటి ఎర్రగీత ఉంది, తుడిచినా పోనంత గట్టిగా.

"వెర్నియర్ తెచ్చినవా?" అని అడిగింది.

తెచ్చాను. స్వరూపది ఎర్రగీత దాకా, లాస్యది బొటనవేలి గోరంతా కొలిచాను. ఈసారి లాస్య గోరే ఎక్కువ పెరిగింది.